ఆ ఊట దగ్గర పసుపు వాడరు

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివే మా వీధి పిల్లలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఉద్యోగంలో మీరు చేసిన పెద్ద పని ఏదన్నా చెప్పండి సార్ అని అడుగుతారు. వాళ్లకు పెద్ద ప్రాజెక్టుల కథలు కావాలి. నేను అలాంటివేవీ కట్టలేదు. నీటిపారుదల శాఖలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మళ్లీ పుంగనూరు, ఇలా ఈ చుట్టుపక్కలే తిరిగి డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యాను. చెరువు కట్టల మీద కంప కొట్టించడం, తూముల తలుపులకు గ్రీజు పూయించడం, వానాకాలంలో ఫోను పక్కన పెట్టుకుని పడుకోవడం, ఇదీ నా సర్వీసు. అందుకని వాళ్లకు మా శాఖది కాని ఒక కట్ట గురించి చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పొడుగవుతోందని మా ఆవిడ అంటోంది కాబట్టి, ఇక పెరగకుండా రాసి పెడుతున్నాను.

పుంగనూరు నుంచి సదుం వైపు పోతూ ఒకచోట రోడ్డు దిగితే, రెండు గుట్టల నడుమ ఉంటుంది ఆ కట్ట. ఊరి పేరు రాయను. వాళ్లు ఇప్పటికీ నన్ను జాతరకు పిలుస్తున్నారు, ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. వంకకు అడ్డంగా వాళ్ల తాతలు తమ పట్టా నేలల్లోనే, తమ ఎద్దుబండ్లతోనే మట్టి తోలి కట్టుకున్నారు. సర్కారు దగ్గర తట్టెడు మన్ను తీసుకోలేదు. అందుకే ఆ ఊళ్లో దాన్ని చెరువనీ అనరు, కుంటనీ అనరు. ‘మా కట్ట’ అంటారు. ‘మా కట్ట నిండింది’ అనే మాటను ‘మా వాడికి ఉద్యోగం వచ్చింది’ అన్నంత సంబరంగా అంటారు.

ఆ నీళ్లతో ఒకప్పుడు వరి పండేది. తర్వాత ప్రతి పొలంలో బోరు పడింది, డ్రిప్పు పైపులు వచ్చాయి, వరి పోయి టమోటా వచ్చింది. కూలికి పోయిన ఇళ్లలో పిల్లలు జీతాల ఉద్యోగాలు పట్టారు. కట్ట నీళ్ల కోసం కొట్లాడుకునే అవసరం ఎవరికీ లేకపోయింది. అప్పుడు ఊరి కమిటీకి పడవల ఆలోచన వచ్చింది. తొక్కుడు పడవలు తెచ్చారు, వాటిలో ఒకటి హంస ఆకారంలో ఉండేది. కట్ట మీద సిమెంటు బెంచీలు, గుట్ట మొదట్లో చేపల వేపుడు అంగళ్లు, పిల్లలు ఆడుకోవడానికి ఇసుక మడి. ఆదివారం వస్తే కాలేజీ పిల్లలు, పెళ్లి ఫోటోలు తీసుకునే జంటలు, కుప్పం నుంచి కూడా కార్లు వచ్చేవి.

పడవలు తిప్పుకోవడానికి కట్ట గట్టిగా ఉందని ఒక ఇంజనీరు మాట కావాల్సి వచ్చి కమిటీవాళ్లు నన్ను పిలిచారు. మా అసిస్టెంటు ఇంజనీరును వెంటపెట్టుకుని వెళ్లాను. ఆ అమ్మాయిది కుప్పం దగ్గర పల్లె. చురుకైనది, మాట మెత్తన, చెప్పింది చెప్పినట్టు చేసేది. మాకు ఎదురొచ్చింది కమిటీ పెద్దాయన. కట్ట కట్టించిన మనిషికి మనవడు. ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. నా భుజం మీదా వేశాడు.

అక్కడ నాకు నచ్చని సంగతులు రెండు కనిపించాయి. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి ఒక పక్క తక్కువ ఎత్తులో రాతి గోడ కట్టి వదులుతారు. మావైపు దాన్ని మొరవ అంటారు. ఆ మొరవ మీద వీళ్లు సిమెంటు దిమ్మెలు వరసగా పేర్చి ఎత్తు పెంచారు. తూమును కాంక్రీటు పోసి మూసేశారు.

“ఇదేమప్పా, నీళ్లు పోయే దోవలన్నీ మూసేస్తే ఎట్ల?” అని అడిగాను.

“నీళ్లు పోతే పడవలు యాడ తిరగాల సార్?” అన్నాడు పెద్దాయన. “ఎండాకాలం వొచ్చేతలికి నీళ్లు అడుక్కు పోతాండాయి. పోయిన ఏడు హంస బురదలో కూసున్యాది. సూసినోళ్లు నవ్వినారు.”

“వాన గట్టిగా పడితే?”

“ఈ సీమలో వాన ఎక్కువైందని ఎవురన్నా ఏడ్సినారా సార్?”

కరువుకు అలవాటు పడిన ప్రాంతంలో నీళ్లు ఎక్కువైతే ప్రమాదమని చెప్పేవాణ్ణి జనం కొంచెం జాలిగా చూస్తారు.

తర్వాత పెద్దాయన మమ్మల్ని కట్ట వెనక్కి, అంటే నీళ్లు లేని వైపు అడుక్కి తీసుకుపోయి ఊట చూపించాడు. కట్ట పుట్టినప్పటి నుంచీ అక్కడ సన్నగా నీళ్లు ఊరుతున్నాయట. చుట్టూ నాలుగు బండలు పెట్టి చిన్న తొట్టిలా చేశారు. పైన ఒక రాయికి పసుపు రాసి బొట్లు పెట్టి గంగమ్మ అన్నారు. చంటిపిల్లల తల్లులు ఆ నీళ్లు సీసాల్లో పట్టుకుపోతారు. పూజ చేసేది ఒక పెద్దావిడ. ఊళ్లో గొర్రెలున్న ఇంటి ఆవిడ. పూజారమ్మ అంటారు.

పిల్లలూ, ఇక్కడ కొంచెం పాఠం తప్పదు. మట్టి కట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. ఊరిన నీళ్లు తేటగా ఉంటే దిగుల్లేదు. రంగు మారితే మాత్రం అవి కట్ట లోపలి మన్నును మోసుకొస్తున్నాయని అర్థం. లోపల బొరియ పడుతుంది, అది పెద్దదవుతుంది, ఒక పూటలో కట్ట పోతుంది. కాబట్టి అలాంటి ఊటను చూడగానే చూడాల్సింది రంగు ఒక్కటే.

ఆరోజు తొట్టిలో నీళ్లు పచ్చగా ఉన్నాయి.

వంగి చెయ్యి పెట్టబోతుంటే పూజారమ్మ నవ్వింది.

“పసుపు సార్. ఈ పొద్దు మంగళారం కదా, అమ్మకు పసుపు పోసినాను.”

చెంబుతో తొట్టి తోడేసి చూపించింది. అడుగున తేటనీళ్లే ఊరుతున్నాయి. నాకూ నవ్వొచ్చింది. ఏ ఒక్కచోట నీళ్ల రంగు కనిపెట్టి చూడాలో సరిగ్గా అక్కడే వీళ్లు వారానికి రెండుసార్లు రంగు కలుపుతున్నారు. అది మానమని చెబుదామని నోటిదాకా వచ్చింది. అమ్మవారికి పసుపు పొయ్యొద్దని చెప్పే ఇంజనీరు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. తిన్నాం. తిన్నాక కూడా, దిమ్మెలు తీసి తూము తెరిస్తే తప్ప మంచిమాట చెప్పలేనని చెప్పాను. పెద్దాయన చెయ్యి నా భుజం మీద నుంచి తీసేశాడు. ఆ తర్వాత వాళ్లకు ఇంకెక్కడో ఇంకెవరి దగ్గరో మంచిమాట దొరికినట్టుంది, పడవలు తిరుగుతూనే ఉన్నాయి. మదనపల్లెలో మా పై ఆఫీసరుకు సంగతి చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “మన లిస్టులో లేని కట్ట తెగినా మనది కాదు, తెగకపోయినా మనది కాదు. టీ తాగు” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. లిస్టులో ఉన్నవే ఆయనకు చాలినన్ని ఉన్నాయి.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. ముసురు విడవకుండా కురిసింది. టమోటా చెట్లమీదే కుళ్లింది. మా జాబితాలోని చెరువులన్నీ నిండి మొరవ మీద పొర్లాయి. వాటి వెంబడి తిరిగి తిరిగి నా కాళ్లు నానిపోయాయి. ముసురు విడిచిన తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున, చాలారోజుల తర్వాత ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

“ఇది మీరు నాటుకోడి తిన్న ఊరే కదా? ఊటలో పసుపునీళ్లు వాటంతటవే వస్తాండాయంట. ఎవురూ పసుపు పొయ్యలేదంట. జనం పోతాండారు. మనమూ పోదాం పదండి, సీసా కడిగి పెట్టినాను.”

వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో అది. ఎవరో ‘అమ్మ మహిమ’ అని అరుస్తున్నారు. తొట్టి నిండా పచ్చటి నీళ్లు, పొంగి బండల మీద నుంచి కారుతున్నాయి. రెండోసారి చూశాను. నీళ్లు నడిమధ్యన ఎసరులా కుతకుత ఉడుకుతున్నాయి. ఉడికేచోట చుట్టూ సన్నటి ఇసుక గుండ్రంగా గట్టు కట్టుకుంటోంది. పసుపు అలా గట్టు కట్టదు. పసుపు అడుగుకు దిగి మెత్తగా కూర్చుంటుంది. మూడోసారి చూసినప్పుడు నీళ్లను వదిలి జనాన్ని చూశాను. పిల్లల్ని చంకనెత్తుకుని, సీసాలు పట్టుకుని, కట్ట అడుగున ఒకరినొకరు తోసుకుంటూ నిలబడి ఉన్నారు. వాళ్ల తలలకు పైన నిండు చెరువు ఉంది.

నాకు భయం వేసింది. సర్వీసులో అంతకు ముందూ ఆ తర్వాతా అంత భయం వేసింది లేదు.

పుంగనూరులో ఉండే మా అసిస్టెంటు అమ్మాయికి ఫోను చేసి, వెంటనే వెళ్లి జనాన్ని గుట్ట ఎక్కించమన్నాను. పై ఆఫీసరుకు చేశాను. వీడియో ఆయన ఇంట్లోనూ చూశారట. “ఇంట్లోవాళ్లు బయల్దేరబోతున్నారయ్యా” అన్నాడు. ఆపమని చెప్పాను. ఆయన మరో మాట అనకుండా పోలీసులకూ తాసిల్దారుకూ తాను చెబుతానన్నాడు, చెప్పాడు కూడా. ఆరోజు లిస్టు సంగతి ఆయన ఎత్తలేదు, అది ఇక్కడ రాయాలి. మా ఆవిడ కడిగిన సీసా చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

నేను చేరేసరికి రోడ్డు మీదే ఆటోలు ఆగిపోయి ఉన్నాయి. దిగి నడిచాను. కమిటీవాళ్లు తాళ్లు కట్టి ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే వరసలు పెట్టించారు. టెంకాయల అంగడి కూడా అప్పటికే వెలిసింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు తన సీసా నింపుకుంటున్నాడు. మా అసిస్టెంటు అమ్మాయి అరిచి అరిచి గొంతు పోయి, ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పుకుంటోంది.

“బూట్లు తీస్తేనే మాట వింటామంటాండారు సార్” అంది. “తీసినాక విన్నారు. విని, వరసలో రా పాపా అన్నారు.”

పెద్దాయన ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చాన్నాళ్ల తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

“సూసినారా సార్, మా కట్ట మహిమ!”

చెప్పాను. ఇది మహిమ కాదనీ, కట్ట లోపలి మన్ను కొట్టుకొస్తోందనీ, ఈ జనాన్ని ఇప్పుడే పైకి పంపి మొరవ మీద దిమ్మెలు పగలగొట్టాలనీ.

చెయ్యి తీసేశాడు. “మీకు మొదట్నించీ మా కట్ట మింద సూపు బాగలేదు సార్. సర్కారు కట్టలు తెగతాయి. మాది మా తాత తొక్కించిన కట్ట.”

పది మంది అతని వెనక చేరారు. ఇంకాసేపు వాదిస్తే నన్ను రోడ్డు దాకా సాగనంపుతారని అర్థమైంది. గట్టిగా అరిచి చెబుదామా అనుకున్నాను. కానీ ఆ కిక్కిరిసిన చోట ‘కట్ట తెగుతోంది’ అని అరిస్తే, నీళ్లు రాకముందే తొక్కిసలాటలో పిల్లలు పోతారు. వాళ్లంతా ఒక్క మనిషి మాట వింటున్నారు. ఆ మనిషి ఊట పక్కన కూర్చుని చెంబుతో నీళ్లు పోస్తోంది. చెప్పులు విప్పి పూజారమ్మ దగ్గరకు పోయి గొంతుక్కూర్చున్నాను. తొట్టిలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి ఆవిడ ముందు తెరిచాను. సన్నటి పచ్చమన్ను, ఇసుక.

“అమ్మా, ఇది పసుపు కాదు. కట్ట లోపలి మన్ను.”

ఆవిడ నా చేతిని చూసింది, నన్ను చూసింది. “మన్ను మాత్రం అమ్మ కాదా సార్?” అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

నా ఇంజనీరింగు అక్కడితో అయిపోయింది. నీళ్లు ఇంతకు ముందుకన్నా గట్టిగా ఉడుకుతున్నాయి. చేతికి అంటుకున్న పచ్చటి మన్నును చూస్తుంటే, చిన్నప్పుడు పుంగనూరులో గంగ జాతర చివరిరోజు ఇంటికి పోయేసరికి చేతులూ చొక్కా ఇలాగే పచ్చగా ఉండేవని గుర్తొచ్చింది.

“అమ్మా, మీ జాతరలో పసుపునీళ్లు చల్లుకునేది ఎప్పుడు?” అన్నాను.

“కడాకు సార్. అమ్మను సాగనంపేటప్పుడు.”

“మొదటిరోజు చల్లరా?”

“మొదటి దినం యాల సల్లతారు? పసుపునీళ్లు సల్లితే అమ్మ పోతాండాదని కదా.”

“చల్లినాక ఆడ ఎవరన్నా నిలబడతారా?”

“నిలబడరు. అమ్మ పొయ్యే దోవలో నిలబడకూడదు. ఎనక్కి తిరిగి…”

అక్కడ ఆగిపోయింది. చేతిలో చెంబు అలాగే ఉంది. తొట్టిని చూసింది. తల ఎత్తి కట్టను పైదాకా చూసింది. ఆవిడ నా మాట నమ్మి లేచిందా, నా మాటలో తన మాట విని లేచిందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఎప్పుడూ అడగలేదు.

లేచి, చెంబును రాతి ముందు బోర్లించింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నేననుకోలేదు.

“అమ్మ పోతాండాది! పసుపునీళ్లు మనం సల్లలేదు, ఆమే సల్లతాండాది! దోవ ఇడవండి! పిల్లోళ్లను ఎత్తుకోని గుట్ట ఎక్కండి! ఎవురూ ఉరకొద్దు, ఎవురూ ఎనక్కి తిరిగి సూడొద్దు!”

నేను చూసిన జనాల్లో అంత క్రమంగా కదిలిన జనం లేదు. సాగనంపడం వాళ్లకు ప్రతి ఏడూ అలవాటైన పని. తోపులాట లేదు, అరుపు లేదు. ముందున్నవాళ్లు తలవంచుకుని నడిచారు, వెనకున్నవాళ్లు వాళ్ల వెంట నడిచారు. నిండిన సీసాలను కొందరు ఊట దగ్గరే పెట్టేసి పోయారు. కానిస్టేబులు కూడా తన సీసా పెట్టేశాడు. తాళ్లు కట్టిన కమిటీవాళ్లే తాళ్లు విప్పారు. కిందిపక్క ఉన్న చిన్నపల్లెను ఖాళీ చేయించమని మా అసిస్టెంటు అమ్మాయిని పంపితే, ఆమె చేరేలోపే మాట చేరిపోయిందట. అక్కడివాళ్లు గొర్రెల్ని తోలుకుని అప్పటికే ఎదురొస్తున్నారు. కాళ్లకు బూట్లు లేకుండానే పరిగెత్తిన సంగతి ఆ అమ్మాయికి సాయంత్రం గాని తెలియలేదు.

అందరూ పోయాక ఊట దగ్గర నేనూ పెద్దాయనా మిగిలాం. తొట్టి బండల్లో ఒకటి మా కళ్లముందే లోపలికి కుంగింది. పెద్దాయన దాన్ని చూశాడు.

“సార్, కట్ట నిలబడతాదా?” అన్నాడు.

“తెలీదప్పా. నీళ్లు దిగితే నిలబడొచ్చు.”

జేసీబీని పిలుస్తానన్నాడు. ఆ బరువూ ఆ అదురూ కట్ట మీద వద్దన్నాను. పడవల దగ్గర పనిచేసే మగవాళ్లతో గడ్డపారలు తెప్పించుకుని మొరవ దగ్గరకు పోయాం. నీళ్లు దిమ్మెల పైఅంచును తాకుతున్నాయి. మొదటి పోటు పెద్దాయనే వేశాడు. ఎవరో పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

“కింద మన్ను మా తాతది. పైన ఈ దిమ్మెలు పెట్టింది నేను. నన్నే తియ్యనియ్యండి” అన్నాడు.

దిమ్మెలు పడ్డాయి. నీళ్లు మొరవ మీద నుంచి మోత పెట్టుకుంటూ పాత వంకలోకి దూకాయి. మధ్యాహ్నం దాకా చెరువు మట్టం దిగుతూ వచ్చింది. గుట్ట మీద కూర్చుని అందరం దాన్నే చూస్తున్నాం. ఇక నిలబడుతుందేమోనని నాకు ఆశ పుట్టింది కూడా. అప్పుడు ఊట ఉన్నచోట కట్ట పెద్దగా చప్పుడు లేకుండా లోపలికి కూర్చుంది. సిమెంటు బెంచీ ఒకటి మాయమైంది. తర్వాత మిగిలిన నీళ్లన్నీ ఆ గండిలోంచి వెళ్లిపోయాయి. అప్పటికే సగానికి దిగాయి కాబట్టి పల్లెలో ఇళ్ల గోడలు తడిశాయి, పడలేదు. కింది టమోటా తోటలు పోయాయి. ఊట లేదు, రాయి లేదు, సీసాలు లేవు. పొద్దున వీడియోలో నేను చూసిన పిల్లలు గుట్ట మీద మరమరాలు తింటూ ఉన్నారు.

పెద్దాయన ఏడ్చాడు. ఆ ఊళ్లో చాలామంది మగవాళ్లు ఏడ్చారు. సర్కారు కట్ట తెగితే జనం సర్కారును తిడతారు. ఇది వాళ్లదే, తిట్టడానికి ఎవరూ లేరు. నేను పోయి పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాను. హంస పడవ మాత్రం చాలా దూరం పోయి ఒక మామిడితోటలో చెట్టుకు ఆనుకుని నిలబడింది. దాని మెడ కూడా విరగలేదు.

తర్వాత విచారణ జరిగింది. అంతమందిని అంత త్వరగా ఎలా ఖాళీ చేయించారని పై అధికారి ఒకాయన మెచ్చుకుంటూ అడిగాడు. ఆ పద్ధతి ఏమిటో చెబితే మిగతా చోట్లా అమలు చేస్తామన్నాడు. స్థానికుల సహకారంతో అని చెప్పాను. మా అసిస్టెంటు అమ్మాయి పక్కకు తిరిగి దగ్గింది.

ఊరివాళ్లు కట్టను మళ్లీ కట్టుకున్నారు. సర్కారు ఇస్తానన్నా తీసుకోలేదు. ఇంటికింత వేసుకున్నారు, జీతాలకు పోయిన పిల్లలు సెలవు పెట్టి వచ్చారు. అప్పటికి నేను రిటైరయ్యాను. పెద్దాయన మా ఇంటికొచ్చి, “ఈసారి మీరు చెప్పినట్టే సార్” అన్నాడు. చెప్పినట్టే చేశారు. మొరవ పాత ఎత్తులోనే ఉంది, తూముకు తలుపు ఉంది. కట్ట అడుగున ఇసుకా కంకరా పొరలుగా వేసి, ఊరే నీళ్లు ఒక గొట్టం గుండా బయటికి వచ్చేలా పెట్టించాను. ఎండాకాలంలో నీళ్లు అడుక్కు పోతే పడవలు ఒడ్డున బోర్లిస్తారు. బోర్లించడానికి వీల్లేని హంస మాత్రం మళ్లీ బురదలో కూర్చుంటోంది. ఇప్పుడు దాంతో కూడా ఫోటోలు దిగుతున్నారు.

గొట్టం కింద తొట్టి పెట్టి పూజారమ్మ మళ్లీ ఒక రాయిని నిలిపింది. నేను వద్దనలేదు. అక్కడ పసుపు పొయ్యొద్దని కూడా నేను చెప్పలేదు, అది ఆవిడ పెట్టిన కట్టడి. కుంకుమ ఉంది, పూలున్నాయి, వేపాకు ఉంది. పసుపు మాత్రం ఆ ఊటకు నాలుగు బారల దూరంలోకి కూడా రానివ్వదు. పొద్దున్నే రాగానే గాజు గ్లాసుతో నీళ్లు పట్టి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి చూస్తుంది. చూసి కళ్లకద్దుకుని అప్పుడు దీపం పెడుతుంది. చూసే భక్తులు అది పూజలో భాగమనుకుని వాళ్లూ సీసాలు ఎత్తి చూసి కళ్లకద్దుకుంటారు. మా శాఖ పెద్ద ఆనకట్టల దగ్గర కూడా రోజూ ఊట రంగు చూడాలనే నియమం ఉంది. అక్కడ దాన్ని ఎలా పాటిస్తారో ఉద్యోగంలో చేరాక మీకే తెలుస్తుంది.

పోయిన జాతరకు మా ఆవిడతో వెళ్లాను. కొత్తగా పెళ్లైన ఒక పిల్ల మదనపల్లె నుంచి వచ్చింది. కొంగులో ముడేసుకుని తెచ్చిన పసుపును ఊట దగ్గర విప్పబోతే పూజారమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది.

“గంగమ్మకు పసుపు లేకుండా యాడన్నా ఉండాదా అమ్మా?” అంది.

“ఈ యమ్మ పసుపు ఈ యమ్మ దగ్గిరే ఉండాది తల్లీ” అంది పూజారమ్మ. “మనం ఇయ్యకూడదు. ఆమె ఇచ్చిన పొద్దు మనం ఈడ ఉండకూడదు.”

ఆ పిల్ల పసుపును మళ్లీ ముడేసుకుంది. మా ఆవిడ సీసా నింపి నాకిచ్చింది. నేను దాన్ని ఎండకు ఎత్తి చూశాను. తేటగా ఉంది.